ముద్రిత ఫలితము: కంప్యూటరు ప్రోగ్రాములలో అక్షరమునకు కలుగు చిక్కులు, వాని పరిష్కారములు

అక్షరమను మాటకు నశింపనిది అని అర్థము. ప్రతి సంవత్సరము తెలుగు పాఠము మొదలుపెట్టు దినమున మేము ఈ మాటను తరగతిలో తప్పక చెప్పుచుందుము. కాని ఈ మధ్య మన కళాశాల కంప్యూటరు విద్యార్థులు తెచ్చి చూపుచున్న కాగితములను చూచిన పిమ్మట ఈ అర్థమును కొంత జంకుతో చెప్పవలసి వచ్చుచున్నది. ఆ కాగితములలో అక్షరములు నశించుచున్నవి. కొన్ని సగమునకు తెగుచున్నవి, కొన్ని ప్రశ్నార్థకములుగా మారుచున్నవి, కొన్ని తమ స్థానము వదలి పక్క గడిలోనికి పోవుచున్నవి.

మేము భాషను బోధించువారము. కంప్యూటరు శాస్త్రము మా శాఖ కాదు. అయినను ఒకనాడు ఇద్దరు విద్యార్థులు మా గదికి వచ్చి, "సార్, లక్ష్మి అను పేరులో అక్షరములు ఎన్ని?" అని అడిగినారు. రెండని చెప్పినాము. "పైథాన్ ఏడు అనుచున్నది సార్, సి భాష ఇరువది ఒకటి అనుచున్నది" అని వారు నవ్వినారు. మేమును నవ్వినాము. కాని ఈ రెండు, ఏడు, ఇరువది ఒకటిల మధ్య ఉన్న భేదము నవ్వి ఊరకుండదగినది కాదని కొలది నెలలలోనే తెలిసివచ్చినది. ఆ తెలిసిన సంగతిని విద్యార్థుల కొరకు, కళాశాల సంఘ సభ్యుల కొరకు ఇక్కడ క్రమముగా వివరింపదలచినాము.

1. పట్టికలో తెగిన పేరు

ఉపకారవేతనమునకు అర్హులైన విద్యార్థుల జాబితాను అచ్చువేయుటకు మన విద్యార్థులే సి భాషలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసినారు. పేరునకు 30 స్థానముల గడి ఇచ్చినారు. ముప్పది అక్షరములకు మించిన పేరు ఎవరికుండును, అని వారి ఊహ. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినప్పుడు అంతయు సరిగా వచ్చినది. తరువాత తెలుగు పేర్లతో జాబితా అచ్చయినది.

అందులో ఒక విద్యార్థిని పేరు తెగిపోయినది. ఆమె అసలు పేరు ఇక్కడ వ్రాయుట ఉచితము కాదు. ఉదాహరణకు షేక్ రహ్మతున్నీసా అనుకొందము. కాగితము మీద 'షేక్ రహ్మత' అని మాత్రమే వచ్చి, దాని పక్కన ఒక అపరిచితమైన గుర్తు పడినది. సంబంధిత కార్యాలయమువారు ఆ గుర్తును వదలి, మిగిలినదానిని తమ పుస్తకములో ఎక్కించుకొన్నారు. బ్యాంకు పుస్తకములోని పేరు వేరు, జాబితాలోని పేరు వేరు. రహ్మత్ అనునది మగపిల్లల పేరు కూడా కావున ఇది వేరొక వ్యక్తి పేరని అక్కడివారు అనుకొనుటలో ఆశ్చర్యము లేదు. సొమ్ము ఆగిపోయినది. ఆమె తండ్రి రుసుము చెల్లించుటకు అప్పు చేయవలసి వచ్చినది. పేరు దిద్దించుటకు ఆ అమ్మాయి ఎన్ని పర్యాయములు తిరిగినదో మాకు తెలియును, ఏలనన ప్రతి పర్యాయము ధ్రువపత్రముపై సంతకము పెట్టినది మేమే.

మరియొక సంగతి కూడా చెప్పవలెను. ఆ జాబితాను సరిచూచి మొదట సంతకము పెట్టినవారిలో మేమును ఉన్నాము. మార్కుల మొత్తములు కూడి చూచినాము, శాతములు చూచినాము. అన్నియు సరిగా ఉన్నవి. పేర్లు చదువలేదు. యంత్రము పేరు తప్పు వ్రాయునా అని అనుకొన్నాము. లెక్కలో ఒక్క తప్పు కూడ లేని కాగితము ఒక విద్యార్థినికి ఒక విడత చదువును భారము చేసినది. కావున విద్యార్థులారా, ప్రోగ్రాములో లెక్క చేయుట ఒక పని, ఆ లెక్కను మనిషి చదువునట్లు కాగితము మీద పెట్టుట మరియొక పని. రెండవది మొదటిదానికంటె చిన్న పని కాదు.

2. అక్షరములు ఎన్ని?

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలు మాత్రమే తెలియును. 1963లో వెలువడిన ఆస్కీ సంకేత పద్ధతిలో 128 స్థానములు మాత్రమే కలవు. అందులో ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామ చిహ్నములు ఇమిడినవి. తెలుగునకు గాని ఉర్దూకు గాని అందు చోటు లేదు. ప్రపంచ లిపులన్నిటికి ఒకే పట్టికగా యూనికోడ్ మొదటి సంపుటము 1991లో వచ్చినది. అందు తెలుగునకు 3072 నుండి 3199 వరకు, అరబీ లిపికి 1536 నుండి 1791 వరకు ముఖ్యమైన స్థానములు ఇయ్యబడినవి. ఉర్దూ అక్షరములు ఈ అరబీ విభాగములోనే ఉన్నవి.

ఇప్పుడు లక్ష్మి పేరును విడదీసి చూతము. ల ఒకటి, క రెండు, పొల్లు మూడు, ష నాలుగు, మరల పొల్లు అయిదు, మ ఆరు, గుడి ఏడు. ఈ ఏడు సంకేతములనే పైథాన్ లెక్కించును. ఈ సంకేతములను ఫైలులో భద్రపరచు యు.టి.ఎఫ్-8 అను పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించినారు. ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు, తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. ఏడు మూళ్లు ఇరువది ఒకటి. సి భాష ఈ బైట్లనే లెక్కించును. చదువరి మాత్రము ల, క్ష్మి అని రెండే అక్షరములు చదువును. ముగ్గురి లెక్కలు సరియైనవే; లెక్కించిన వస్తువులు వేరు.

ఫాతిమా అను పేరును చూడుడు. తెలుగులో చదువరికి మూడు అక్షరములు, యంత్రమునకు ఆరు సంకేతములు, పదునెనిమిది బైట్లు. అదే పేరు ఉర్దూలో ఫే, అలిఫ్, తోయ్, మీమ్, హే అని అయిదు అక్షరములు, పది బైట్లు. ఒకే అమ్మాయి, ఒకే పేరు, మూడు లిపులలో మూడు పొడవులు.

ఇక షేక్ రహ్మతున్నీసా పేరు ఏల తెగినదో సులభముగా తెలియును. షేక్ అను మాటకు నాలుగు సంకేతములు, పన్నెండు బైట్లు. ఖాళీకి ఒకటి. పదుమూడు పోగా ముప్పదిలో మిగిలినవి పదునేడు. ర, హ, పొల్లు, మ, త అను అయిదింటికి పదునైదు చెల్లినవి. మిగిలిన రెండు బైట్లు త కింది కొమ్మునకు చాలలేదు. దానికి మూడు కావలెను. ఆ విరిగిన కొమ్మే కాగితము మీద అపరిచితమైన గుర్తుగా కనబడినది. పూర్తి పేరునకు కావలసినవి నలుబది తొమ్మిది బైట్లు.

పైథాన్‌లో బైటు మధ్య విరుగదు, కాని సంకేతముల మధ్య విరుగవచ్చును. లక్ష్మి పేరులో మొదటి నాలుగు సంకేతములను మాత్రమే తీసికొన్నచో ఏమి వచ్చునో వ్రాసి చూడుడు. ల, క, పొల్లు, ష. అనగా 'లక్ష'. రుసుము రసీదు మీద పేరుండవలసిన చోట లక్ష అని పడినచో దానిని తప్పుగా అచ్చయిన పేరని ఎవరు పోల్చుకొందురు?

దీనికి పరిష్కారములు మూడు. మొదటిది, పేరును ఎన్నడును కత్తిరింపకుండుట. గడి చాలనిచో పదముల మధ్య ఖాళీ వద్ద విరిచి రెండవ పంక్తిలో వ్రాయవలెను. రెండవది, పొడవునకు పరిమితి పెట్టక తప్పనిచో, చదువరి అక్షరమును లెక్కించు గ్రంథాలయములను వాడవలెను. తెలుగు వంటి లిపులలో హల్లును దాని ఒత్తు నుండి విడదీయరాదను నియమము యూనికోడ్ 15.1 సంపుటములో, 2023లో చేరినది. అంతకు ముందరి గ్రంథాలయములు క్ష్మి అను ఒక్క అక్షరమును మూడు ముక్కలు చేయగలవు. కావున మీరు వాడునది ఏ కాలమునకు చెందినదో ఒక ఒత్తు గల పేరుతో పరీక్షించి తెలిసికొనవలెను. మూడవది, పేరు పట్టనిచో ప్రోగ్రాము మౌనముగా కోయక, 'ఈ పేరు పట్టలేదు' అని చెప్పి ఆగవలెను.

ఈ మూడవ ఉపాయము కొత్తది కాదు. 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ భాషలో అచ్చు రూపమును నిర్దేశించు వాక్యములు మొదటి నుండియు ఉన్నవి. ఆ భాషలో ఒక మాటను అచ్చువేయవలెనన్న దాని అక్షరములను వ్రాయువాడే ఒక్కటొక్కటిగా లెక్కపెట్టి ఆ సంఖ్యను ముందు వ్రాయవలసి ఉండెను. ఒక అక్షరము లెక్క తప్పిన పంక్తి అంతయు చెడును. అక్షరముల లెక్క తప్పుట నేటి సంగతి మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది. అదే ఫోర్ట్రాన్‌లో గడికి మించిన సంఖ్య వచ్చినచో గడి నిండ నక్షత్రపు గుర్తులు పడును. విద్యార్థులు వానిని చూచి విసుగుకొందురు. మా దృష్టిలో అవి నిజాయితీ గల గుర్తులు. తప్పు సంఖ్య చూపుటకంటె, చూపలేకపోయినానని ఒప్పుకొనుట మేలు.

3. నిలువు వరుసలు ఏల చెదరును?

పట్టిక వేయునప్పుడు పేరు పక్కన ఖాళీలు నింపి మార్కులను ఒకే నిలువు వరుసలో పెట్టుట అందరు నేర్చుకొను పద్ధతి. ఇంగ్లీషు పేర్లకు, సమాన వెడల్పు గల ఫాంటులో ఇది చక్కగా సాగును. తెలుగులో సాగదు. 30 స్థానముల గడిలో లత అను పేరునకు సి భాష 6 బైట్లు పోగా 24 ఖాళీలు వేయును. ఫాతిమా అను పేరునకు 18 పోగా 12 ఖాళీలే వేయును. కాగితము మీద లత రెండక్షరముల పేరు, ఫాతిమా మూడక్షరముల పేరు. ఒక్క అక్షరపు భేదమునకు పన్నెండు ఖాళీల భేదము వచ్చినది. మార్కులు మెట్లు దిగినట్లు వంకరగా పడును. అప్పుడు ఒకరి మార్కులు పై వారివో కింది వారివో తెలియక చదువరి వ్రేలు పెట్టి చూడవలసి వచ్చును.

పైథాన్‌లో ఈ వంకర కొంత తగ్గును గాని పోదు. తెలుగు అక్షరములకు సమాన వెడల్పు లేదు. ఒత్తు కింద చేరును, గుడి పైన చేరును, వెడల్పు పెరుగదు, కాని సంకేతముల లెక్క మాత్రము పెరుగును. ట్యాబ్ గుర్తు వాడినను ఇదే గతి. సాధారణముగా ఎనిమిది స్థానముల కొకసారి ట్యాబ్ నిలుచును. చిన్న పేరు ఒక నిలుపు వద్ద ఆగును, పెద్ద పేరు మరియొక నిలుపు దాటును.

అన్నిటికంటె సులభమైన ఉపాయము డబ్బు లేనిది, తెలివి గలది. పట్టికలో అంకెలను ముందు వ్రాసి, పేరును పంక్తి చివర వ్రాయవలెను. ఇట్లు:

1203   85   లత
1204   91   ఫాతిమా
1205   78   లక్ష్మి

అంకెలు ఒక్కొక్కటి ఒక్కొక్క బైటే. వానిని కుడివైపునకు ఒత్తించి వెడల్పు నిర్ణయించిన ఎప్పుడును చెదరవు. పేరు చివర ఉన్నందున అది ఎంత పొడవైనను ఎవరి గడియు చెడదు, కోయవలసిన అవసరమును రాదు. పేరు ముందే ఉండవలెనన్నచో ఖాళీలతో వరుస కట్టుట మాని, ప్రతి అంశమును ప్రత్యేకమైన గడిగా పెట్టు హెచ్.టి.ఎమ్.ఎల్. పట్టికగా ఫలితమును వ్రాయించి, దానిని అచ్చువేయవలెను. వెడల్పు లెక్క అప్పుడు మనది కాదు, అక్షర రూపము తెలిసిన ఫాంటుది.

4. పెట్టెలు, ప్రశ్నార్థకములు, పిచ్చి గీతలు

"సార్, తెలుగు రాలేదు" అని విద్యార్థి చెప్పినప్పుడు వైద్యుడు అడిగినట్లు, "రాకపోతే ఏమి వచ్చినది?" అని అడుగవలెను. రోగము లక్షణము చేతనే తెలియును. లక్షణములు ముఖ్యముగా మూడు.

ఖాళీ పెట్టెలు వచ్చినచో భయపడవలసిన పని లేదు. ఆ యంత్రములో తెలుగు రూపములు గల ఫాంటు లేదని అర్థము. అక్షరములు లోపల క్షేమముగా ఉన్నవి. ఫాంటు చేర్చిన కనబడును.

ప్రశ్నార్థకములు వరుసగా వచ్చినచో భయపడవలెను. తెలుగు తెలియని పాత సంకేత పద్ధతిలోనికి మార్చునప్పుడు, చోటు లేని ప్రతి అక్షరమునకు బదులు యంత్రము ఒక ప్రశ్నార్థకమును వ్రాసినదని అర్థము. ఆ ఫైలులో ఇక పేరు లేదు, ప్రశ్నార్థకములే ఉన్నవి. ఏ ఫాంటు పెట్టినను రావు. మూలమైన ఫైలునకు తిరిగిపోయి, ఈసారి యు.టి.ఎఫ్-8 అని స్పష్టముగా చెప్పి వ్రాయించవలెను. అందుచేతనే మూల ప్రతిని ఎన్నడును చెరుపరాదు.

గీతలు, గుర్తులు కలసిన పిచ్చి వ్రాత వచ్చినచో, వ్రాసినవాడు ఒక పద్ధతిలో వ్రాసినాడు, చదువువాడు మరియొక పద్ధతిలో చదువుచున్నాడని అర్థము. తెలుగు ఉత్తరమును ఉర్దూ అనుకొని కుడి నుండి చదువబోయినట్లన్నమాట. ఉత్తరము చెడలేదు; సరియైన పద్ధతిలో తెరచిన వచ్చును. ఇట్టి తప్పుడు రూపమును చూచి తొందరపడి అట్లే భద్రపరచినచో మాత్రము చిక్కు రెట్టింపగును. కామాలతో వేరుచేసిన ఫైలును ఎక్సెల్‌లో తెరచినప్పుడు ఈ పిచ్చి వ్రాత తరచుగా వచ్చును. పైథాన్‌లో ఆ ఫైలు వ్రాయునప్పుడు యు.టి.ఎఫ్-8-సిగ్ అను రూపమును ఎంచుకొన్న, ఫైలు మొదట ఒక గుర్తింపు ముద్ర పడి ఎక్సెల్ దానిని సరిగా పోల్చుకొనును.

ఇదే కోవలో మన ముద్రణాలయముల చిక్కు ఒకటి కలదు. అను వంటి పాత తెలుగు ఫాంటులతో కూర్చిన వ్యాసమును వేరొక ఫాంటులో తెరచిన ఇంగ్లీషు అక్షరముల చెత్తవలె కనబడును. అక్కడ లోపల ఉన్నవి తెలుగు సంకేతములు కావు. ఇతర సంకేతములకు తెలుగు రూపములు తొడిగినారు. ఫాంటు తీసిన వేషము తొలగును. అట్టి వ్యాసములను యూనికోడ్‌లోనికి మార్చు ఉపకరణములతో మార్చి, మరల ఒకసారి చదివి దిద్దుకొనవలెను.

5. ఉర్దూ పంక్తిలో తారుమారు

మన ఈ సంచికనే చూడుడు. ఒక అట్ట వైపు నుండి తెలుగు, రెండవ అట్ట వైపు నుండి ఉర్దూ. రెండు భాగములు మధ్యలో కలసికొనును. చేతితో కూర్చువారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. 1927లో చెన్నపట్టణమున ప్రారంభమైన ముసల్మాన్ అను ఉర్దూ దినపత్రికను కాతిబులు చేతితో వ్రాసి అచ్చువేసినారు. ఏ అంకె ఎటు నుండి వ్రాయవలెనో కలము పట్టిన చేతికి తెలియును. మీర్జా అహ్మద్ జమీల్ 1981లో మోనోటైప్ సంస్థతో కలసి నూరీ నస్తాలీఖ్‌ను సిద్ధపరచిన పిమ్మట ఆ సొగసైన వ్రాత యంత్రమునకును అబ్బినది. కాని మూడు లిపులు కలసిన పంక్తిలో ఏది ఎటు పోవలెనో యంత్రమునకు మనమే చెప్పవలెను.

ఒక పంక్తిలో పేరు, దాని తరువాత క్రమసంఖ్య, దాని తరువాత మార్కులు వ్రాయించినామనుకొందము. పేరు తెలుగులో ఉన్నచో ఎడమ నుండి పేరు, 1204, 91 అని వచ్చును. అదే ప్రోగ్రాము, అదే పంక్తి, పేరు మాత్రము ఉర్దూలో ఉన్నచో ఎడమ నుండి 91, 1204, పేరు అని కనబడును. ప్రోగ్రాములో తప్పు లేదు. ఉర్దూ అక్షరముల తరువాత వచ్చిన అంకెలు కూడ ఆ కుడి నుండి సాగు ప్రవాహములో చేరినవి. ఒక్కొక్క అంకె లోపల వరుస మారదు గాని, అంకెల స్థానములు మారినవి. తెలుగు, ఉర్దూ పేర్లు కలసిన జాబితాలో ఒక పంక్తిలో మార్కులున్న చోట మరియొక పంక్తిలో పేరుండును.

దీనికి యూనికోడ్‌లోనే మందు కలదు. కంటికి కనబడని రెండు గుర్తులు 2013లో చేరినవి. 8296 అను సంఖ్య గలది పేరునకు ముందు, 8297 అను సంఖ్య గలది పేరునకు తరువాత పెట్టవలెను. అవి పేరు చుట్టు గోడవలె నిలిచి, లోపలి ప్రవాహము బయటి అంకెలను తాకకుండ చేయును. హెచ్.టి.ఎమ్.ఎల్.లో ఇదే పనికి బి.డి.ఐ. అను గుర్తు కలదు. పట్టికలో ప్రతి అంశము వేరు గడిలో ఉన్నచో ఈ చిక్కే రాదు. అందుచేత మూడవ భాగములో చెప్పిన పట్టిక ఉపాయము ఇక్కడను పనికివచ్చును.

6. కంటికి ఒకటి, యంత్రమునకు రెండు

అచ్చులో ఒకే విధముగా కనబడు పేర్లు యంత్రమునకు వేరువేరుగా ఉండవచ్చును. సైఫుల్లా అను పేరులోని ఐత్వమును 3144 అను ఒక్క సంకేతముతో వ్రాయవచ్చును, లేదా 3142, 3158 అను రెండింటిని జోడించియు వ్రాయవచ్చును. కంటికి భేదము లేదు. వెదకినప్పుడు మాత్రము ఒకటి దొరకును, ఒకటి దొరకదు. ఇట్టివానిని ఒకే రూపమునకు తెచ్చు పద్ధతిని ఎన్.ఎఫ్.సి. అందురు, పైథాన్‌లో యూనికోడ్‌డేటా అను విభాగములో అది కలదు. పేర్లను భద్రపరచునప్పుడే ఈ పద్ధతిని నడిపించవలెను.

అస్లమ్‌ఖాన్ వంటి పేర్లలో పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండ 8204 సంఖ్య గల కనబడని గుర్తు పెట్టుదురు. ఒకరు పెట్టి, ఒకరు ఖాళీ వదలి, ఒకరు రెండు మాటలుగా వ్రాసినచో ఒక్క విద్యార్థి ముగ్గురగును. ఉర్దూలో కాఫ్, యే అను అక్షరములు అరబీ కీబోర్డుతో కొట్టినచో ఒక సంఖ్య, ఉర్దూ కీబోర్డుతో కొట్టినచో వేరొక సంఖ్య. వీనిని ఎన్.ఎఫ్.సి. కలుపదు, మనమే పట్టిక వ్రాసి ఒకదానిలోనికి మార్చవలెను.

7. అంకెల రూపము

అక్షరముల విషయములో ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, అంకెలు భద్రమని తలచుట పొరపాటు. సి భాషలో 412 మార్కులను 600తో భాగించి నూటితో గుణించినచో ఫలితము సున్న. రెండును పూర్ణాంకములు కావున మొదటి భాగహారమే సున్న అగును; సున్నను నూటితో గుణించిన సున్నయే. 412ను ముందుగా 100.0తో గుణించి తరువాత భాగించినచో, రెండు దశాంశములకు 68.67 అని సరిగా వచ్చును. దశాంశ సంఖ్యను పూర్ణాంకపు గుర్తుతో అచ్చువేయమన్నచో సంబంధము లేని సంఖ్య పడును. కంపైలరు ఇచ్చు హెచ్చరికలను చదువు అలవాటు ఉన్నచో ఇది ముందే తెలియును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు ఒకటి కలదు. 2500 మార్కులకు 1499 వచ్చిన విద్యార్థి శాతము 59.96. ఒక దశాంశమునకు కుదించి అచ్చువేసిన 60.0 అని పడును. శ్రేణిని నిర్ణయించు వాక్యము మాత్రము లోపలి సంఖ్యనే చూచును కావున పక్కన ద్వితీయ శ్రేణి అని పడును. 60.0 శాతము, ద్వితీయ శ్రేణి అని చదివిన తండ్రికి మనమేమి సమాధానము చెప్పగలము? కుదించిన సంఖ్యతో శ్రేణి నిర్ణయింపవలెనా, కుదింపని సంఖ్యతోనా అనునది యంత్రము చెప్పవలసినది కాదు. నియమములు చేయు సంఘమువారు చెప్పవలసినది. వారు చెప్పిన నియమమే లెక్కలోను అచ్చులోను ఒక్కటిగా ఉండవలెను.

మరి రెండు చిన్న సంగతులు. పైథాన్‌లో కామాలు వేయుమని అడిగిన 125000ను అది 125,000 అని మూడేసి అంకెలుగా విడదీయును. మన పద్ధతిలో 1,25,000 అని పడవలెను. దానికి భారతదేశపు లోకేల్ ఏర్పాటును వాడవలెను, లేదా చిన్న ప్రమేయమును వ్రాసికొనవలెను. 0042 వంటి క్రమసంఖ్యను సంఖ్యగా భద్రపరచినచో ముందరి సున్నలు పోయి 42 మిగులును. కూడుటకు, తీసివేయుటకు పనికిరాని అంకెల వరుస సంఖ్య కాదు, పేరు. దానిని అక్షరములుగానే ఉంచవలెను.

8. అచ్చు కనబడనప్పుడు

ప్రోగ్రాము వ్రాసిన ప్రతి మాట వెంటనే తెర మీదికి గాని ఫైలులోనికి గాని పోదు. కొంత పోగయిన తరువాత ఒక్కసారిగా పోవును. తెరపై సాధారణముగా పంక్తి ముగియగానే పోవును. ఫైలులోనికైనచో చాల పోగయినగాని పోదు. అందుచేత 'పేరు వ్రాయుము' అను ప్రశ్న కొన్ని పరిసరములలో తెరపై పడకముందే యంత్రము జవాబునకై వేచియుండును. విద్యార్థి యంత్రము నిలిచిపోయినదనుకొని ఎంటర్ నొక్కును. ఖాళీ పేరు ఎక్కును. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయినప్పుడు ఫైలులో చివరి పంక్తులు లేకుండుటకు కారణమిదియే. సి భాషలో ఎఫ్‌ఫ్లష్, పైథాన్‌లో ప్రింట్‌నకు ఫ్లష్ అను సూచన ఇచ్చిన వెంటనే వ్రాయును.

9. చివరిగా చేయవలసిన పరీక్ష

విద్యార్థులకు మా సలహా ఒక్కటే. మీ ప్రోగ్రామును ఇంగ్లీషులో సులభమైన పేర్లతో పరీక్షించి సంతృప్తి పడకుడు. అయిదు పేర్ల చిన్న పట్టికను ఎల్లప్పుడు దగ్గర ఉంచుకొనుడు: ఒత్తుకు ఒత్తు గల లక్ష్మి, ముప్పది బైట్లు మించిన షేక్ రహ్మతున్నీసా, రెండే అక్షరముల లత, ఉర్దూలో వ్రాసిన ఒక పేరు, కనబడని గుర్తు గల అస్లమ్‌ఖాన్. ఈ అయిదును సరిగా అచ్చయిన తరువాతనే జాబితాను నడిపించుడు. అచ్చయిన కాగితమును తెరపై గాక చేతిలో పట్టుకొని ఒక పర్యాయము బిగ్గరగా చదువుడు. ఇద్దరున్నచో ఒకరు మూల పత్రము నుండి, ఒకరు అచ్చు నుండి చదువుడు. అచ్చుకూటములలో పూర్వము ప్రూఫులు దిద్దినది ఇట్లే.

కళాశాల సంఘమువారికి ఒక మనవి. ఏ జాబితాయైనను పైకార్యాలయమునకు పంపుటకు ముందు మూడు దినములు నోటీసు బల్లపై ఉంచి, ప్రతి విద్యార్థి తన పేరును తానే చదివి సంతకము పెట్టు ఏర్పాటు చేయవలెను. ఒకరి పేరులోని తప్పును వారికంటె త్వరగా పట్టగలవారు లేరు. మొత్తములు సరిచూచుటకు అధ్యాపకులము ఉన్నాము. పేరును సరిచూచుటకు పేరు గలవారే తగినవారు.

ఆ విద్యార్థిని ఇప్పుడు తృతీయ సంవత్సరము చదువుచున్నది. జాబితా ప్రోగ్రామును దిద్దిన విద్యార్థుల బృందములో ఆమెయు ఒకరు. కొత్త ప్రోగ్రాము మొదట అచ్చువేసిన పంక్తిలో పేరు పూర్తిగా వచ్చినది, చివరి సా వరకు. మేమును ఈసారి మార్కులతో బాటు పేర్లన్నియు చదివి, తరువాతనే సంతకము పెట్టినాము.